తుపాకియు బహిష్కారమును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో తుపాకులకు ప్రవేశము లేదని పలక గట్టిన యంగళ్లను తుపాకిదారులు బహిష్కరింపవలెనని కొందరు వాదించుచున్నారు. 2013లో స్టార్‌బక్సు తుపాకులు తేవలదనియు, 2019లో ఎల్ పాసో హత్యాకాండానంతరము వాల్‌మార్టు వానిని బాహాటముగా ధరించి రావలదనియు కోరినప్పుడును ఈ కేకయే వినవచ్చెను.

1791 నాటి రెండవ రాజ్యాంగ సవరణము తమ పక్షమని వారందురు. ఆ సవరణము ప్రభుత్వమునకు కళ్లెము. వర్తకుని గడపకు గాదు. తన యంగడిలో ఆయుధము వలదనుట వర్తకుని స్వత్వము. తన సొమ్ము వేరొకచోట వెచ్చించుట కొనువాని స్వత్వము. కావున బహిష్కారము అధర్మమని మేమనము. 1905లో విదేశవస్త్రములను విడిచిన దేశమున ఆ మాట చెల్లదు.

కాని యది వివేకమా? హంతకుడు పలకను జూచి వెనుదిరుగడని వారి ప్రధాన వాదము. సత్యమే. అయినను, ఎల్ పాసోలో 23 మంది ప్రాణములు గోల్పోయిన పిమ్మట, తుపాకితో వచ్చినవాడు కొనవచ్చెనో చంపవచ్చెనో గుమాస్తా యెట్లెఱుంగును? ఆ భయమును బాపుటకే గదా యీ పలక!

బహిష్కారము నిరాయుధుల యాయుధము. ఆయుధమును చట్టమును చేతనున్నవారు దానిని గుమాస్తా నెమ్మదిపై ప్రయోగించుట హక్కే కావచ్చును, ఔదార్యము గాదు. అంగడివాడు కోరినది గడియసేపు సంయమము. బలవంతునకది భారము గాదని మా యభిప్రాయము.