బోరు డబ్బాలో కోడుకు చోటు ఎవరు చూపాలి?

దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట వైపు మెట్ట ఊళ్లలో కాలువ నీళ్లు అందని చోట సేద్యమంతా బోరు మీదే. కరెంటు రాగానే రైతు దగ్గర లేకున్నా మోటరును నడిపించే ఆటో స్టార్టర్ ఆ అవసరంలోంచి వచ్చిందే. అర్ధరాత్రి విడతల కరెంటు రోజుల్లో రైతును పడుకోనిచ్చింది అదే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ అంతటా వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యేసరికి, భూగర్భజలం అడుగంటుతుందని వాటిని తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. ఆ వాదన వేరు. ఇక్కడి మాట ఆ స్టార్టర్ డబ్బా లోపలి చిప్పు గురించి.

కొన్ని డబ్బాల్లో రిలేలు, టైమర్ మాత్రమే ఉంటాయి. కొన్నింట్లో చిన్న మైక్రోకంట్రోలర్ ఉంటుంది. మూడు ఫేజులూ వచ్చాయా, కొన్ని సెకన్లు ఆగి మోటరు వేయాలా, బోరులో నీళ్లు లేక ఉత్తగా తిరుగుతోందా అని చూసుకోవడమే దాని పని. ఆ పని చేయించే కోడును అసెంబ్లీ భాషలో రాసేవాళ్లకు రెండు దారులున్నాయి. పెళ్లి బంతిలో ఏ ఆకు ఎవరిదో ముందే పేర్లు రాసిపెట్టినట్టు, ప్రతి ముక్కకూ మెమరీలో చోటు తామే నిర్ణయించడం అబ్సల్యూట్ పద్ధతి. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో లింకర్ అనే సాఫ్ట్‌వేర్ పెద్దమనిషికి వదిలేయడం రీలొకేటబుల్ పద్ధతి.

ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ ల్యాబుల్లో మైక్రోకంట్రోలర్ పాఠం సాధారణంగా 8051తో మొదలవుతుంది. 1980లో ఇంటెల్ తెచ్చిన ఈ చిప్పులో ప్రోగ్రాముకు 4 కిలోబైట్లు, డేటాకు 128 బైట్లు. విద్యార్థి రాసే మొదటి పంక్తి ‘ఓఆర్‌జీ 0000హెచ్’. కోడును 0000 అడ్రసు నుంచి పెట్టమని దాని అర్థం. అందులో తప్పేమీ లేదు. రీసెట్ 0000 దగ్గర, మొదటి బయటి ఇంటరప్ట్ 0003 దగ్గర, మొదటి టైమర్ 000బీ దగ్గర మొదలవ్వాలన్నది చిప్పే పెట్టిన నియమం. మొత్తం 256 ఇన్‌స్ట్రక్షన్లు, 16 బైట్ల ర్యామ్ మాత్రమే ఉన్న పిక్10ఎఫ్200 లాంటి వాటికైతే లింకర్ హంగామా దండగే.

చిక్కు రెండో మనిషి చేరినప్పుడు వస్తుంది. ఫేజులు చూసే కోడు ఒకరు, నీళ్లు లేని బోరును పసిగట్టే కోడు మరొకరు రాశారనుకోండి. ఇద్దరూ తమ లెక్క దాచుకోవడానికి 30హెచ్ అడ్రసునే, వేర్వేరు పేర్లతో ఎంచుకున్నారు. కోడును చిప్పు భాషలోకి మార్చే అసెంబ్లర్ కిక్కురుమనదు, దానికి అవి రెండు పేర్లు, అంతే. విడివిడిగా పరీక్షిస్తే రెండూ భేషుగ్గా నడుస్తాయి. కలిపి పొలంలో పెట్టాక, నీళ్లు లేవని ఒక ముక్క సెకన్లు లెక్కపెడుతుంటే ఇంకో ముక్క వచ్చి ఆ లెక్కను సున్నా చేస్తుంది. గడువు ఎప్పటికీ పూర్తికాదు. మోటరు ఉత్తగా తిరిగి తిరిగి వైండింగ్ కాలుతుంది. రైతు మోటరును తిడతాడు, మెకానిక్ కరెంటును తిడతాడు. కోడు మీదికి ఎవరి చూపూ పోదు.

రీలొకేటబుల్‌లో ఇద్దరూ ‘నాకొక బైటు కావాలి’ అని మాత్రమే రాస్తారు. లింకర్ చెరో చోటు చూపుతుంది, 128 బైట్లు చాలకపోతే స్క్రీను మీదే మొహాన చెప్పేస్తుంది. దీనికీ ఖర్చుంది. పిక్ చిప్పుల్లో తన బైటు మెమరీలోని ఏ బ్యాంకులో పడుతుందో రాసేవాళ్లకు ముందే తెలియదు గనక, బ్యాంకు మార్చే ఇన్‌స్ట్రక్షన్లు అదనంగా పెట్టుకోవాలి. మోటరు కాలడంతో పోలిస్తే ఇది చిల్లర ఖర్చు.

పైగా పరికరాలూ అటే పోతున్నాయి. 2020లో పిక్ చిప్పులు తయారుచేసే మైక్రోచిప్ కంపెనీ తన ఎంప్లాబ్ ఎక్స్ సాఫ్ట్‌వేర్ 5.40తో పాత ఎంపీఏఎస్‌ఎం అసెంబ్లర్‌కు మద్దతు ఆపేసింది. కొత్తది లింకర్ మీద ఆధారపడ్డదే, పాత కోడును యథాతథంగా తీసుకోదు. ఏళ్ల తరబడి ఓఆర్‌జీ తప్ప మరొకటి రాయని చేతులకు అప్పుడు కష్టమైంది.

చిప్పు శాసించే అడ్రసులు తప్ప మిగతావన్నీ లింకర్‌కు వదలడమే మంచిది. ఒక్కరే రాసి, ఒక్క పనికే వాడి, మళ్లీ ముట్టుకోని కోడుకు మాత్రమే మినహాయింపు. నల్గొండ, మహబూబ్‌నగర్ కాలేజీల ల్యాబు మాస్టార్లు ఒక పని చేయవచ్చు. సెమిస్టర్‌లో ఒక్క ప్రయోగమైనా ఇద్దరు విద్యార్థులకు రెండు ఫైళ్లుగా పంచి, లింకర్‌తో కలిపించి, ఏది ఎక్కడ పడిందో చూపే మ్యాప్ ఫైలును వాళ్లచేత చదివించాలి. ఎస్‌డీసీసీ కంపైలర్‌తో వచ్చే 8051 అసెంబ్లర్, లింకర్ ఉచితమే.