బుడమేరు గట్టున రెండు రోజులు

హైస్కూలు పిల్లలకు పర్యావరణ నాయకత్వం నేర్పుతామంటూ శని, ఆదివారాల్లో సదస్సులు పెడుతున్నారంటే సంతోషించాల్సిందే. పద్నాలుగేళ్ళ పిల్ల రెండు రోజుల పాటు నీటి గురించి, నేల గురించి ఆలోచిస్తానంటే కాదనేదెవరు? ఆ రెండు రోజులూ దేనికి ఖర్చవుతున్నాయన్నదే నా బాధ. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ఉపన్యాసం, భూతాపం మీద స్లైడ్లు, నినాదాల పోటీ, ప్రతిజ్ఞ, మొక్క నాటుతూ ఫొటో, చివర్లో సర్టిఫికెట్. ధ్రువాల దగ్గర మంచు కరుగుతోందని పిల్లలు గడగడా చెబుతారు. తమ ఊరి మురుగు కాలువ ఎక్కడి నుంచి వచ్చి ఎందులో కలుస్తుందంటే మాత్రం నీళ్ళు నములుతారు.

ఇలాంటి సదస్సు నందివాడలో పెడితే ఎలా ఉంటుందో ఆలోచిద్దాం. గుడివాడ పక్కనే ఉన్న ఈ మండలం కొల్లేటికి ఎగువన ఉంది. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు కొల్లేటికి పోయేది ఈ దారినే. వరద వచ్చినప్పుడు వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీటిని మళ్ళించి కృష్ణలో కలపాలన్నది ఏర్పాటు. 2024 ఆగస్టు చివర్లో కురిసిన వానకు ఆ మళ్ళింపు కాలువకే గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్ మునగడం దేశమంతా చూసింది. సైన్యం వచ్చి గండ్లు పూడ్చేలోగా నీరు కిందికి పారింది. దిగువన నందివాడ మండలంలో పొలాలు, చేపల చెరువులు మునిగాయి, ఊళ్ళకు రాకపోకలు తెగిపోయాయి. ఇక్కడి నష్టం గురించి బయటివాళ్ళు విన్నది తక్కువ.

ఇక్కడి తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ వరద పాఠం కాదు, అనుభవం. తమ గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో వాళ్ళకు తెలుసు. సదస్సు మొదటి రోజు ఆ మరకలన్నిటినీ టేపుతో కొలిచి, ఊరి పటం మీద గుర్తిస్తే చాలు. ఏ వీధిలో నీరు ముందు దిగింది, ఎక్కడ ఆఖరి దాకా నిలిచింది, ఎక్కడ గుర్రపు డెక్క అడ్డం పడింది, ఏ చెరువు గట్టు డ్రెయిను మీదికి జరిగింది... అన్నీ ఆ పటంలోనే బయటపడతాయి. ఊరి పెద్దవాళ్ళను కూర్చోబెట్టి 2005 వరద గురించి అడిగి, ఆ ఎత్తును కూడా పక్కనే రాయవచ్చు. ఇంజనీరు చేతిలో ఉండే పటానికి ఇది ప్రత్యామ్నాయం కాకపోవచ్చు. కానీ ఆ పటంలో లేని సంగతులు ఇందులో ఉంటాయి.

రెండో రోజు తెల్లవారుజామున మొదలు కావాలి. కారణం ఉంది. రాత్రంతా వెలుగు లేక నాచు ఆక్సిజన్ తయారు చేయదు, నీటిలో ఉన్నదాన్నే వాడుకుంటుంది. అందుకే చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే వేళకే. మబ్బు పట్టిన రోజుల్లో మరీ ఎక్కువ. బొచ్చె, శీలావతి పైకి తేలి నోరు తెరుస్తుంటే రైతు గుండె జారిపోతుంది. ఇదంతా చెరువు కాపలాదారు కొడుక్కి తెలిసిందే. బడిలో చదివిన కిరణజన్య సంయోగక్రియా, తండ్రి నిద్ర లేని రాత్రీ ఒకటేనని వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ గట్టు మీద నిలబెట్టి చెప్పిన సైన్సు వాడు జన్మలో మరిచిపోడు.

అక్కడి నుంచి మంచినీళ్ళ చెరువుకు వెళ్ళాలి. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు 2,000 దాకా ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. కొన్ని వందల రూపాయల మీటరుతో చేతిపంపు, కాలువ, డ్రెయిను, ఇంటికి వచ్చే టిన్ను నీరు వరసగా కొలిస్తే, ఈ డెల్టాలో నీళ్ళ మధ్య ఉంటూ తాగే నీటిని ఎందుకు కొనుక్కుంటున్నామో పిల్లలే అడుగుతారు. పట్టుబడి అయ్యాక చెరువు నీరు ఎటు వదులుతున్నారన్నది దాని వెంటే వచ్చే ప్రశ్న.

చిక్కు వచ్చేది ఇక్కడే. మొక్క నాటితే ఎవరికీ కోపం రాదు. డ్రెయిను నీరు కొలిస్తే వస్తుంది. ఆ చెరువు సర్పంచిది కావచ్చు, పక్క బెంచీ పిల్లాడి మేనమామది కావచ్చు, సగం క్లాసు ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ చెరువుల కూలి డబ్బుతోనే కావచ్చు. ఉపాధ్యాయులు వెనకాడటాన్ని నేను తప్పు పట్టను. పిల్లలను ఊరి మీదికి పోలీసుల్లా తోలకూడదు. నమూనాల మీద అంకెలే ఉండాలి, యజమానుల పేర్లు వద్దు. రైతులను కూడా పిలవాలి. మేత ఖర్చు, లీజు, కోల్‌కతా మార్కెట్ ధర, వాళ్ళ కష్టం కూడా పిల్లలు వినాలి. కొల్లేటి సంగతీ అంతే. ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువు గట్లు తవ్వేశారు. ఆటపాకలో గూడబాతులను చూపించి తీసుకొచ్చేస్తే సగమే చెప్పినట్టు. గట్లు పోయాక బతుకు వెతుక్కున్న లంక గ్రామాల జనం మాట కూడా విన్నప్పుడే నాయకత్వమన్న మాటకు అర్థం.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతి ఏమీ లేదు. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పది నుంచి పదిహేడేళ్ళ పిల్లలను తమ చుట్టుపక్కల సమస్యనే తీసుకుని, గైడ్ టీచరు సాయంతో అధ్యయనం చేయమంది. 2001లో వచ్చిన జాతీయ హరిత దళం బడుల్లో ఎకో క్లబ్బులు పెట్టించింది. 1995 నుంచి నడుస్తున్న గ్లోబ్ కార్యక్రమంలో ఎన్నో దేశాల పిల్లలు వాన, ఉష్ణోగ్రత, నీటి నాణ్యత కొలిచి శాస్త్రవేత్తలు వాడుకునేలా నమోదు చేస్తున్నారు. మన దేశం కూడా 2000లో అందులో చేరింది. మనకు కొరవడింది కొనసాగింపు. పోటీ కోసం చేసిన ప్రాజెక్టు జిల్లా స్థాయిలో ఎంపిక కాకపోతే అక్కడితో సరి. పదో తరగతి పూర్తయి పిల్లలు వెళ్ళిపోతే వాళ్ళ అంకెలూ వాళ్ళతోనే పోతాయి.

అందుకని సదస్సు పెట్టేవాళ్ళు సర్టిఫికెట్‌కు బదులు ఒక రిజిస్టరు ఇవ్వాలి. బడి పేరుతో ఉండే రిజిస్టరు. నెలకోసారి అవే చోట్ల కొలతలు, వాన పడిన రోజు వర్షపాతం, డ్రెయిను మట్టం. పదో తరగతి వాళ్ళు వెళ్తూ ఎనిమిదో తరగతి వాళ్ళకు అప్పగించాలి. ఏడాదికోసారి ఒక నకలు పంచాయతీకి, ఒకటి డ్రెయినేజీ విభాగం కార్యాలయానికి వెళ్ళాలి. వాళ్ళు అందినట్టు సంతకం పెట్టాలి. దివిసీమలో నాగాయలంక వైపు బడి ఒకటి జతగా ఉంటే ఇంకా మేలు. 1977 నవంబరు 19 ఉప్పెన తాకిన సీమ అది. మడ అడవి, ఉప్పునీరు గురించి అక్కడి పిల్లలు రాసేది ఇక్కడికి, బుడమేరు గురించి ఇక్కడి పిల్లలు రాసేది అక్కడికి చేరాలి. డెల్టా తలా, తోకా ఒకే రిజిస్టరులో కనబడతాయి.

ఇక సదస్సు ఎప్పుడు పెట్టాలన్నది. మనకు అలవాటైన పర్యావరణ దినోత్సవం, జూన్ 5 నాటికి బడులే తెరవరు. బడులు తెరిచాక జూన్‌లోనే, వరద రాకముందు ఒక శని, ఆదివారం, నీరు తగ్గి కోతలు దగ్గర పడే నవంబరులో మరో శని, ఆదివారం పెట్టాలి. జూన్‌లో కొలిచిన చోటే నవంబరులో మళ్ళీ కొలిస్తే గానీ, ఆ మధ్యలో పైనుంచి వచ్చిన నీరు ఏం తెచ్చి పోసిందో, ఏం కడిగి పోయిందో తేలదు.