లొద్దుగ బెరడు, డాంగ్ గుయ్ వేరు

కొలుములు, కన్వేయర్ల ముచ్చట్లకు అలవాటుపడిన ఈ శీర్షికలో బహిష్టు నొప్పి ప్రసక్తి కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చును. కాని మన టౌన్‌షిప్‌లో నెలనెలా ఎందరో మౌనంగా భరించే బాధ ఇది. పరీక్షనాడు పడక దిగలేని ఆడపిల్ల ఉన్న ఇంట ఇది చిన్న విషయము కాదు. ఇటీవల "చైనా మూలికల పొడి" అనే పేరుతో చీటీ అయినా లేని పొట్లాలు చేతులు మారుతున్నాయని ఒక సహోద్యోగి చెప్పగా, ఈ మాసం దీనిని గురించే వ్రాయదలచితిని.

గర్భాశయపు లోపలి పొర విడివడే సమయంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు వెలువడతాయి. వాటి ప్రేరణచే కండరం బిగుసుకొని, దానికి రక్తప్రసారం తగ్గి నొప్పి పుడుతుంది. ఐబుప్రొఫెన్, మెఫెనామిక్ ఆమ్లం వంటి మాత్రలు ఆ పదార్థాల ఉత్పత్తినే అరికడతాయి.

చైనా వైద్యుల దృష్టిలో ఈ నొప్పికి కారణం రక్తము స్తంభించడం, చలువ చేయడం. వారి ప్రసిద్ధ కషాయంలో డాంగ్ గుయ్ వేరుతో కలిపి నాలుగు ద్రవ్యాలు ఉంటాయి. సాంగ్ వంశపు రాజుల కాలంలో వెలువడిన ప్రభుత్వ ఔషధ గ్రంథంలోనే అది చోటు చేసుకొన్నది. 2008లో కాక్రేన్ సంస్థవారు చైనా మూలికలపై జరిగిన 39 పరీక్షలను, 3475 మంది స్త్రీల వివరాలను సమీక్షించారు. ఫలితాలు ఆశాజనకమే గాని, పరీక్షలు జరిపిన తీరు నాసిగా ఉన్నదని వారు తేల్చారు. కనుక దీనిని బూటకమనడానికి వీలులేదు; రుజువైనదనడానికీ వీలులేదు.

మన తెలుగువారికి ఇటువంటి మందు కొత్తది కాదు. ఒంగోలు ప్రాంతం నుండి బాల్యంలోనే మద్రాసు చేరి స్వయంకృషితో పైకి వచ్చిన కె.ఎన్. కేసరిగారు తమ కేసరి కుటీరం ద్వారా "లోధ్ర" అనే ఔషధాన్ని ఇంటింటికీ చేర్చారు. 1928లో స్త్రీల కొరకు "గృహలక్ష్మి" మాసపత్రికను నెలకొల్పినదీ ఆయనే. లోధ్ర అంటే మన లొద్దుగ చెట్టు. దాని బెరడు వగరు; ఆయుర్వేదంలో దానికి గల పేరు ప్రధానంగా అధిక రక్తస్రావాన్ని తగ్గించడానికే గాని నొప్పికి కాదు. ఈ తేడాను చాలామంది గమనించరు.

ఇక ఇంజనీరుగా నాకు గల అభ్యంతరము. దల్లీ రాజహరా ఖనిజమునైనను విశ్లేషణ లేనిదే మనం కొలిమికి పంపము. మరి కడుపులోకి పోయే పొడికి పరీక్ష అక్కరలేదా? వీధుల పక్కన నిలువుగా పెరిగే, అశోకమని మనం పిలుచుకొనే చెట్టు నిజానికి నరమామిడి. అసలు అశోకపు బెరడుకు బదులు దీని బెరడును కలిపి అమ్మడం మూలికల వ్యాపారంలో పాత సంగతే. అది మోసము, పొరపాటు అంతకన్నా ప్రమాదకరము. 1990 తరువాత బెల్జియం దేశంలో సన్నబడుటకు వాడిన మందులో ఒక చైనా మూలికకు మారుగా, పేరులో పోలిక గల మరొక మూలిక చేరింది. దానిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం వలన నూరుమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

అట్లని అంగడి మాత్రలన్నీ నిరపాయమని కాదు. మెఫెనామిక్ ఆమ్లం వలన కొందరిలో దద్దురుతో, జ్వరముతో తీవ్రమైన ప్రతిక్రియ కలుగవచ్చునని 2023లో భారత ఔషధ ప్రమాణాల కమిషన్ హెచ్చరించింది. రక్తం పలుచబడుటకు వార్ఫరిన్ వాడేవారు డాంగ్ గుయ్ జోలికి పోరాదు. నొప్పి ఏటికేడు పెరుగుతున్నా, బహిష్టు కాని రోజుల్లోను వస్తున్నా కషాయాలతో కాలయాపన చేయక సెక్టార్-9 ఆసుపత్రిలో స్త్రీవైద్య విభాగానికి వెళ్ళవలెను. ఎండోమెట్రియోసిస్ వంటి వ్యాధి ఏళ్ళ తరబడి బయటపడకపోవడానికి "ఆడవారికి ఇది మామూలే" అన్న మాట ఒక కారణము. ఆ మాట అనేవారిలో తల్లులే ఎక్కువ.

ఖర్చు లేని ఉపాయం ఒకటున్నది. 2001లో ప్రచురితమైన ఒక పరీక్షలో, పొత్తికడుపుపై 39 డిగ్రీలకు దగ్గరగా ఎడతెగక వేడి తగిలేటట్లు పట్టీ వేయగా ఐబుప్రొఫెన్‌తో సమానమైన ఉపశమనం కలిగింది. మన బామ్మలు వేడి ఇటుకను గుడ్డలో చుట్టి ఇచ్చేవారు. రబ్బరు సంచిలో నీరు పోసేటప్పుడు మాత్రం మరిగే నీరు పోయరాదు. చర్మానికి, సంచికి నడుమ తువ్వాలు ఉంచవలెను.