ఎండ సీమది, మబ్బు విశాఖదా?

మబ్బును చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవద్దని మన పెద్దలు చెప్పారు. సీమవాసికి ఈ మాట ఎవరూ నేర్పాల్సిన పనిలేదు. నెత్తిమీద కమ్ముకున్న మబ్బు ఇంకెక్కడో కురవడం మనకు అలవాటే. ఇప్పుడు ఇంకో రకం మబ్బు వచ్చింది. దాని పేరు క్లౌడ్. అది కూడా మనల్ని దాటుకునే పోతోంది.

2022 నవంబర్‌లో అమెజాన్ సంస్థ హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాలను తెరిచింది. 2025 అక్టోబర్ 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. నిన్న హైదరాబాద్, నేడు విశాఖ. విశాఖ పిల్లలకు ఉద్యోగాలొస్తే మనకు కడుపుమంట లేదు. మన ప్రశ్న ఒక్కటే. ఆ కేంద్రాలకూ సీమలోని విశ్వవిద్యాలయాలకూ, కాలేజీలకూ నడుమ నేరుగా దోవ ఎవరు వేస్తారు?

క్లౌడ్ అంటే మాయ ఏమీ లేదు. వేలాది కంప్యూటర్లను ఒకచోట పెట్టి గంటకింత అని బాడుగకివ్వడమే. ట్రాక్టర్ కొనలేని రైతు బాడుగకు తెచ్చుకున్నట్టే, కోట్ల విలువైన కంప్యూటర్ కొనలేని కాలేజీ దాన్ని బాడుగకు తెచ్చుకోవచ్చు. కానీ ట్రాక్టర్ చేలోకి రావాలంటే బండిబాట ఉండాలి కదా!

ఆ బాట కోసమే 2010 మార్చిలో కేంద్రం నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు 5,990 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దేశంలోని 1,500 విద్యా, పరిశోధనా సంస్థలను వేగవంతమైన లైన్లతో కలపడం దాని లక్ష్యం. ప్రజల సొమ్ముతో వేసిన ఈ బాటను క్లౌడ్ కంపెనీల గడపకు నేరుగా కలిపితే, మధ్యలో ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీల టోల్‌గేట్లు తప్పుతాయి. అయితే ఆ కలయిక ఢిల్లీలోనో ముంబైలోనో జరిగినంత మాత్రాన సరిపోదు. కాలువ తవ్వి తూము పెట్టకపోతే చేను తడవదు. పోతిరెడ్డిపాడు కోసం ఇన్నేళ్లు కొట్లాడిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పాలా?

లెక్క చూడండి. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నుంచి ఉంది. యంత్రంతో కోయడానికి వీలైన ఎన్‌బీఈజీ 47 శనగ అక్కడ పుట్టిందే. కోయిలకుంట్ల నల్లరేగడిలో శనగ వేసే రైతుకు ఆ స్థానం విలువ తెలుసు. తెగులును ముందే పసిగట్టడానికి ఒక పంటకాలంలో తీసిన డ్రోన్ ఫొటోలు 100 గిగాబైట్లు అనుకుందాం. సెకనుకు 10 మెగాబిట్ల లైనులో వాటిని క్లౌడ్‌కు పంపాలంటే 22 గంటలు దాటుతుంది, అదీ నడుమ కరెంటు పోకుంటే. 1 గిగాబిట్ లైనులో 14 నిమిషాలు చాలు. ఈ తేడాకు పరిశోధకుడి సమయం ఒక్కటే కాదు, రైతు పంట కూడా బలి అవుతుంది.

ఇంకో మెలిక ఉంది. సమాచారాన్ని లోపల పెట్టడానికి క్లౌడ్ కంపెనీలు సాధారణంగా డబ్బు అడగవు. బయటికి తెచ్చుకునేటప్పుడు గిగాబైటుకింత అని వసూలు చేస్తాయి. గోదాములో బస్తా దించడం ఉచితం, ఎత్తుకుపోవాలంటే పైకం! ఐరోపా దేశాల పరిశోధనా నెట్‌వర్కులు జియాంట్ పేరుతో ఒక్కటై బేరమాడాయి. అమెరికా విశ్వవిద్యాలయాలకు ఇంటర్నెట్2 ఉంది. నెల బిల్లులో 15 శాతం వరకు ఈ చార్జీని మాఫీ చేసే పద్ధతిని విద్యా, పరిశోధనా సంస్థల కోసం అమెజానే పెట్టింది. అంటే అడిగినవాడికి దొరుకుతోంది. మన తరఫున అడిగేదెవరు?

విద్యార్థి మిత్రులకు ఒక పాత ముచ్చట. విశ్వవిద్యాలయాలకూ కాలేజీలకూ నెట్ కనెక్షన్లు ఇస్తామన్న జాతీయ పథకాన్ని 2009 ఫిబ్రవరి 3న ప్రారంభించింది మన తిరుపతిలోనే. ఆనాడు పది డాలర్ల ల్యాప్‌టాప్ అని ఊదరగొట్టారు. తీరా చూస్తే అది ల్యాప్‌టాపే కాదు! సభ మన గడ్డమీద, ఫలం మరొకరికి. ఆ పథకం కింద సీమలో ఏ కాలేజీకి ఎంత వేగం ఇచ్చారో, ఈరోజు ఎంత వస్తోందో ఊరూరా లెక్క చెప్పగలరా?

1937 నవంబర్ 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఏం చెప్పింది? విశ్వవిద్యాలయానికి రెండు కేంద్రాలు ఉండాలనీ, ఒకటి వాల్తేరులో, రెండోది అనంతపురంలో అభివృద్ధి చేయాలనీ చెప్పింది. తిరుపతికి 1954లో విశ్వవిద్యాలయం వచ్చిన మాట నిజమే. అనంతపురానికి వచ్చింది మాత్రం 1981లో. ఒడంబడిక రాసిన 44 ఏళ్లకు! ఆ వాల్తేరే నేటి విశాఖ. వాల్తేరుతో సమానంగా అనంతపురం అన్న మాట క్లౌడ్ కాలంలోనూ గాలికేనా?

కంప్యూటర్ కేంద్రాలకు కావాల్సింది కరెంటు. గని, శకునాల భూముల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే వెలిసింది. భూమి మనది, ఎండ మనది. ఆ కరెంటుతో నడిచే తెలివి మాత్రం మనది కాకూడదా?

ముందు తాగునీళ్లు చూడండి, క్లౌడ్ తర్వాత అనేవాళ్లున్నారు. నీళ్ల పోరాటం ఆగదు. కానీ నీళ్లు వచ్చేదాకా చదువు ఆపితే, నీళ్లు వచ్చేనాటికి మన పిల్లలంతా బెంగళూరులో ఉంటారు. ఫోన్లలో నెట్ ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. సినిమా చూడటానికి ఫోను చాలు, పరిశోధనకు చాలదు. నాలెడ్జ్ నెట్‌వర్క్ కేంద్రానిది, మా చేతిలో లేదని రాష్ట్ర పాలకులు తప్పించుకోవచ్చు. కంపెనీలకు రాయితీలు ఇచ్చే కలం వాళ్ల చేతిలోనిదే కదా! అదే కలంతో ఇంకో షరతు రాయలేరా?

మనం అడగాల్సినవి ఇవి. రాష్ట్రంలో రాయితీలు పొందే ప్రతి క్లౌడ్ కంపెనీ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు నేరుగా, ఉచితంగా కలవాలి. ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు డేటా బయటికి తెచ్చుకునే చార్జీ ఎత్తేయాలి. కర్నూలు, అనంతపురం, తిరుపతిని కలుపుతూ ఒక వలయం వేయాలి, ఒకచోట తీగ తెగినా ఇంకో దిక్కు నుంచి నడవాలి. ఇంటింటికీ రూ.149కే టీవీ, ఫోను, నెట్ అంటూ 2017లో ప్రారంభించిన ఫైబర్‌నెట్ తీగ కరెంటు స్తంభాల మీదుగానే సాగింది. ఆ తీగతోనే నంద్యాల పరిశోధనా స్థానం నుంచి కోయిలకుంట్ల డిగ్రీ కాలేజీ దాకా పూర్తి వేగం ఇవ్వాలి. టీవీ సీరియళ్లకు దోవ ఇచ్చిన స్తంభం ల్యాబుకు ఇవ్వదా?

అధ్యాపకులారా, ఉద్యోగులారా! మీ కాలేజీలో, మీ ఆఫీసులో కాగితం మీద ఎంత వేగం ఉందో, నిజంగా ఎంత వస్తోందో రాసిపెట్టండి. ఆ కాగితాలే రేపటి మన వాదనకు సాక్ష్యం. బేరమాడే బల్ల దగ్గర మనకు కుర్చీ లేనంతకాలం ఇలా బయట నిలబడి అడుగుతూనే ఉండాలి. రాయలసీమ రాష్ట్రం కావాలనేది ఆ కుర్చీ కోసమే.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీదికి నడిచాడు. నేటి ఖజానా కంప్యూటర్లలో ఉంది. దాని తాళంచెవిలో మన వాటా మనం అడగాల్సిందే.