పెట్టెకు జ్వరం

మదనపల్లె దగ్గర మా బావకు టమాటా తోట ఉంది. బోరు మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవు పెట్టె రేకుల గదిలో గోడకు తగిలించి ఉంటుంది. మొన్న వేసవిలో అది రోజూ మిట్టమధ్యాహ్నం ఆగిపోవడం మొదలెట్టింది. తోట చూస్తే పిందె మీద ఉంది!

"ఇదంతా ఎండ దెబ్బే. ఆ వేడికి ఆపేసే ఏర్పాటేదో పీకించేస్తే సరి!" అన్నాడు బావ.

అక్క మాట్లాడకుండా పాలలెక్క పుస్తకం తెచ్చింది. పిల్లల జ్వరం రాసుకున్నట్టే, రోజూ పది గంటలకు పెట్టె వేడీ, గది వేడీ రాసి పెట్టింది. రెంటికీ తేడా మొదటి వారం 22 డిగ్రీలు. మూడో వారానికి 35. మోటారు వేగమూ అంతే, లాగే కరెంటూ అంతే.

గది వేడి తీసేసినా తేడా పెరిగిందంటే తప్పు ఎండది కాదు గదా! లోపలి సిలికాన్ స్విచ్చుల్లో పుట్టే వేడిని అల్యూమినియం రెక్కలు పీల్చుకుంటే, ఫ్యాను బయటికి తోలాలి. అది జరగడం లేదన్నమాట. అలా వదిలేస్తే కెపాసిటర్లకూ చేటే. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. ఒక్క తీగ బిగింపు దగ్గరే వేడెక్కితే మాత్రం, అక్కడ మర వదులైందేమో చూసుకోవాలి.

మెకానిక్కు కరెంటు తీసేసి, లోపల నిలవున్న విద్యుత్తు దిగేదాకా ఆగి మూత విప్పాడు. రెక్కల నిండా దుమ్ము, ఫ్యాను బిగుసుకుపోయింది. కొత్త ఫ్యానుతో తోటకు నీళ్లొచ్చాయి.

ఇప్పుడు పొద్దున్నే బావ అడిగే మొదటి మాట, "పెట్టెకు జ్వరమెంతే?"

కాఫీ తరువాతి మాట.