వాషరుకు ఊరూ పేరూ అక్కర్లేదా?

మదనపల్లెలో ఏ హార్డ్‌వేర్ కొట్టుకైనా వెళ్లి రబ్బరు రింగు ఒకటి కావాలనండి. సైజు అడుగుతారు. దేనికో అడగరు. నీళ్ల పైపుకా, డీజిల్ ఇంజనుకా, పాల మిషనుకా, ఏడాది పొడుగునా ఎండలో పడుండే డ్రిప్పు లైనుకా... ఆ ఆరా ఎవరికీ పట్టదు. ఈ వారం ఒక కొట్టులో పట్టుబట్టి నేనే అడిగాను, ఇది ఏ రబ్బరయ్యా అని. ‘రబ్బరు రబ్బరే కదన్నా, నల్లంగా ఉందిగా’ అన్నాడు. పక్కనున్న రైతులు నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

నలుపు రబ్బరుది కాదు, మసిది. బలం కోసం, అరుగుదల తగ్గడం కోసం కలిపే కార్బన్ బ్లాక్ అది. ఆ మసి కలిశాక నైట్రైలూ, ఈపీడీఎమ్మూ, నియోప్రినూ అనే రబ్బర్లు పక్కపక్కన పెడితే తయారు చేసినవాడు కూడా కంటితో చూసి చెప్పలేడు. గుణాలు చూస్తే ఉత్తర దక్షిణ ధ్రువాలు. నైట్రైల్ డీజిల్లో నానినా లెక్కచేయదు గానీ ఎండకూ గాలిలోని ఓజోనుకూ నెర్రెలిస్తుంది. ఈపీడీఎం ఎండావానల్లో ఏళ్ల తరబడి చెక్కుచెదరదు, కాస్త గ్రీజు తగిలితే చాలు, ఉబ్బి మెత్తబడుతుంది. మన దగ్గరేమో పీవీసీ పైపు రింగులోకి సులువుగా దిగాలని వాడేసిన ఇంజనాయిలు పూస్తారు. సబ్బునీళ్లతో అయ్యే పనికి ఆయిలు! రెండో వేసవికి జాయింటు కారుతుంది, తిట్లు పైపు కంపెనీకి పడతాయి. నమ్మకం లేకపోతే రింగును ఒక రాత్రి డీజిల్లో వేసి ఉంచండి. పొద్దున్నే దాని పక్కన కొత్తది పెట్టి చూస్తే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకో మూఢనమ్మకం, సింథటిక్ అంటే నకిలీ అని. కేరళ చెట్టు పాలతో చేసిందే అసలు సరుకట. టమోటా లోడుతో ఘాట్ దిగే లారీ టైరు విషయంలో ఆ మాట కొంత నిజమే. బరువు మోస్తూ తిరిగినా సహజ రబ్బరు తక్కువ వేడెక్కుతుంది, సులభంగా చిరగదు, అందుకే పెద్ద టైర్లలో దాని పాలు ఎక్కువ. అదే రబ్బరుతో పెట్రోలు పైపు చేస్తే కొన్నాళ్లకే జావ. టైరు లోపలి ట్యూబు సంగతి వేరు. 1937లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ వాళ్లు కనిపెట్టిన బ్యూటైల్‌కు గాలిని పట్టి ఉంచడంలో సాటి లేదు, సహజ రబ్బరు ట్యూబులోంచి పోయేదాంట్లో ఎనిమిదో వంతు కూడా పోనివ్వదు. కానీ దాంతో బంతి చేసి గోడకేసి కొడితే మొహం వేలాడేసుకుని కింద పడుతుంది. ఏ రబ్బరు గొప్పదన్న ప్రశ్నే తప్పు, ఏ పనికి అన్నదే అసలు సంగతి.

పేరు వేయడం కుదరని పనా అంటే, ఇంట్లో గ్యాస్ ట్యూబు చూడండి. ఐఎస్ 9573 అని నంబరు, తయారైన తేదీ, ఐదేళ్లకోసారి మార్చమన్న మాట. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. నీటి పైపుల రింగులకూ ఐఎస్ 5382 అని ప్రమాణం ఉంది, పుస్తకంలో ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే చిన్నపండూరులో అపోలో వాళ్ల టైర్ల ఫ్యాక్టరీ 2020లో మొదలైంది. పానిపట్‌లో ఎస్‌బీఆర్ అనే సింథటిక్ రబ్బరు, జామ్‌నగర్‌లో బ్యూటైల్ ఏడాదికి చెరో లక్షా ఇరవై వేల టన్నులు చేసే సత్తా ఉన్న కర్మాగారాలున్నాయి. సరుకుకు కరువు లేదు, పరీక్షించే యంత్రాలకూ కరువు లేదు. పది రూపాయల రింగు మీద మూడక్షరాలు అచ్చు వేయడానికే చేతులు రావు.

ఇథనాల్ సంగతికొద్దాం. పెట్రోల్లో దాన్ని ఇరవై శాతం కలపాలన్న గడువు 2030 నుంచి 2025కి జరిగింది, అనుకున్నంతా జరిగింది కూడా. జనం గోల చేశాక, 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ తీరిగ్గా చెప్పింది ఏమంటే, కొన్ని పాత బండ్లలో ఇరవై, ముప్ఫై వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలూ గ్యాస్కెట్లూ మార్చాల్సి రావచ్చు, ఖర్చు పెద్దగా ఉండదు అని. ఢిల్లీలో కూర్చుంటే ఉండదు. పుంగనూరు దగ్గర పల్లెలో పాల క్యానులూ, పచ్చిగడ్డి మోపులూ మోసే పదిహేనేళ్ల టీవీఎస్ బండికి ఏ పైపు మార్చాలి? మెకానిక్కు కొట్లో దొరికేది ఊరూ పేరూ లేని నల్ల పైపే. ఇథనాల్‌కు ఏది తట్టుకుంటుందో దాని మీద ఉండదు. మార్చుకోమనడం తేలిక, మార్చుకోవడానికి సరుకేదో చెప్పడమే సర్కారు పని.

డ్రిప్పు కథా ఇంతే. 1990ల్లో కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం అన్నప్పుడు జనం ఎన్ని మాటలన్నారో, ఇవాళ ఈ చుట్టుపక్కల డ్రిప్పు లేని టమోటా చేను వెతకాల్సిందే. సన్నకారు రైతుకు తొంభై శాతం రాయితీ ఇచ్చారు, సంతోషం. పీవీసీ పైపుకు బెజ్జం వేసి అందులో దూర్చే గ్రోమెట్ ఉంటుందే, లేటరల్ పైపు తగిలించేది, మూడు వేసవుల్లో అది ఎండి రాలిపోతుంది. వెయ్యి అడుగుల కింద నుంచి తోడిన నీళ్లు ఆ బెజ్జం దగ్గరే బురద. పైపుకు దొరికిన శ్రద్ధ గ్రోమెట్‌కు దొరకలేదు. ఫొటోల్లో పైపు పడుతుంది, గ్రోమెట్ పడదు కదా!

ఫొటోలంటే గుర్తొచ్చింది, పుంగనూరు ఆవు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో వాటికి మేత పెట్టగానే ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి, పెద్దింటివాళ్ల పెరట్లో పొట్టి ఆవు హోదా అయిపోయింది. నాకేం కోపం లేదు, చూడముచ్చటైన జాతి. కానీ ఈ చుట్టుపక్కల పాలకేంద్రాలకు పాలు పోసేది జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరం. మిషను పెట్టి పిండేచోట చన్నుకు తగిలే లైనరు రబ్బరుదే, ఎక్కువగా నైట్రైల్, ఎందుకంటే పాలలోని వెన్న సహజ రబ్బరును తింటుంది. ఆ లైనరు లోపల సన్నటి పగుళ్లు వచ్చాయంటే క్రిములు దాక్కుంటాయి, ఎంత కడిగినా పోవు, పొదుగువాపు మొదలవుతుంది. ఇన్నిసార్లు పిండాక మార్చాలని తయారీదారు లెక్క ఉంటుంది, ఆ లెక్క రైతుకు చేరదు. పశువైద్యుడి ఫీజు, మందుల ఖర్చు, పాలు పారబోసిన రోజుల నష్టం మాత్రం చేరుతాయి.

అందుకే సర్కారుకు ఒక్కటే మాట. రైతు సేవా కేంద్రాల్లో ఎరువుల బస్తాల పక్కన రెండు డబ్బాలు పెట్టించండి. ఒకదాని మీద నైట్రైల్, రెండోదాని మీద ఈపీడీఎం, తయారైన నెలతో సహా, తెలుగులో. పోస్టర్లూ ప్రారంభోత్సవాలూ వద్దు, కొబ్బరికాయ కూడా కొట్టొద్దు.