చుట్టాలొస్తున్నారా? ముందు ఇది చదవండి

అక్టోబరు దాటి ఎండ కాస్త మెత్తబడగానే మస్కట్‌లోని మన ఇళ్ళకి చుట్టాల రాక మొదలవుతుంది. "ఏమేం చూపించాలి డాక్టరుగారూ?" అని అడిగే మిత్రులకి ఈసారి మన శీర్షికలో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందుగా పెట్టె సంగతి. మసాలాలో గసగసాలు లేకపోతే మా అత్తగారికి ముద్ద దిగదు. కానీ గల్ఫ్‌లో చాలాచోట్ల గసగసాలు మాదకద్రవ్యం కిందే లెక్క. బయలుదేరకముందే ఫోన్‌చేసి తీయించండి. బి.పి., షుగర్ మాత్రలు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి.

2001లో తెరిచిన సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదు తప్పక చూపించండి. మనలాంటి వారికి శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి 11 వరకే ప్రవేశం. ఆడవాళ్ళు తలమీద గుడ్డ, నిండు చేతులు మరవకూడదు. ఆ తరువాత పాత మస్కట్‌లో శివాలయం, సాయంత్రం మత్రా సూక్‌లో సాంబ్రాణి బేరం. నిజ్వా కోటకి శుక్రవారం పొద్దున్నే వెళ్తే మేకల సంత కూడా చూడవచ్చు. మా మామగారు కోటకన్నా ఆ సంతలోనే ఎక్కువసేపు నిలబడ్డారు!

పెద్దవాళ్ళని వాదీ షాబ్‌కి తీసుకువెళ్ళకండి. పడవ దిగాక రాళ్ళమీద ముప్పావుగంట నడక. మోకాళ్ళనొప్పులవారికి వాదీ బనీ ఖాలిద్ నయం.

వాదీ అంటే మన వాగే. పేరూ దగ్గరగానే ఉంది, అందుకే మనకి అలుసు. కిందటేడు ఫిబ్రవరిలో రుస్తాఖ్ వైపునుంచి వస్తూ ఊరిదారిలో ఒక వాగు దగ్గర ఆగాను. ఆకాశం నిర్మలంగా ఉంది. నీళ్ళు చీలమండ దాటవు. "ఇంతదానికే ఆగిపోతారా అల్లుడుగారూ! మా ఊళ్ళో ఎడ్లబండిమీద దాటేవాళ్ళం" అన్నారు మామగారు. నేనూ గేరు వేశాను. ఇంతలో అవతలి గట్టునుంచి ఒక ముసలి ఒమానీ రెండు చేతులూ ఎత్తి అరుస్తూ కనబడ్డాడు. బ్రేకు తొక్కాను. పావుగంట గడిచిందో లేదో, ఎర్రటి నీళ్ళు తుమ్మచెట్టు మొదలు ముంచేశాయి. వాన ఎక్కడో కొండల్లో పడింది. ఇక్కడి కొండలు వట్టి రాయి, నీటిని పీల్చుకోవు. పడ్డదంతా కిందికే వస్తుంది.

మోకాలిలోతు ప్రవాహం చాలు, కారుని లాగేయడానికి. 2024 ఏప్రిల్‌లో సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లల వాహనం కొట్టుకుపోయి ఎందరు తల్లులకు కడుపుకోత మిగిలిందో మనందరికీ తెలుసు. పారే వాదీలో బండి దించడం ఇక్కడ నేరం కూడా. వాన కబురుంటే వాదీ ప్రయాణం మానుకోండి. నీళ్ళు కనిపిస్తే ఆగండి. ముందు కారు దాటిందని మనమూ దాటనక్కరలేదు. వాదీ అడుగున చాప పరిచి భోజనాలు చేయకండి, నీడ ఎంత బాగున్నా సరే.

ఆ రోజు నీరు తీసేసరికి చీకటిపడింది. మేం దాటాక ఆ పెద్దాయన ఖర్జూరాలు, కహ్వా ఇచ్చాడు. అత్తగారు మిగిలిన పులిహోర డబ్బా ఆయన చేతిలో పెట్టింది. కారెక్కాక మామగారు ఇంటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, గేరు వేసింది నేనే కదా.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు పచ్చబడే సలాలా కబుర్లు వచ్చే సంచికలో.